నూర్‌కబ్త పంతులి అమ్మమ్మ పాట

పడవల వ్యాపారి ఇద్దిన్ అదద్ వచ్చి నూర్‌కబ్త పంతులి మీద అరుస్తుంటే, నేను కల్లు కుండకు మూత బిగించడం మాని గోడ మీంచి తొంగి చూశాను. పిల్లాడికి లెక్కలు నేర్పమంటే ఎవరూ మాట్లాడని పాత భాషలో పాటలు రాయిస్తాడేమని అతగాడి గోల.

పంతులు నింపాదిగా అడిగాడు. "చచ్చిపోయిన మీ నాన్నకు నీళ్లు పోసేటప్పుడు ఏ భాషలో పిలుస్తావయ్యా?"

"పాత భాషలోనే. గుళ్లో చెప్పించుకుని అంటాను."

"బజారు మాటల్లో పిలిస్తే మీ ముత్తాతలు ఎవడో పరాయివాడనుకుని అటు తిరిగి పడుకుంటారు. రేపు నీకూ నీళ్లు కావాలిగా?"

ఇద్దిన్ అదద్ కొడుకును అక్కడే వదిలిపెట్టి పోయాడు. సాయంత్రానికి బుట్టెడు ఖర్జూరాలు పంపాడు. గొడవ చూసినందుకు పంతులు నాకూ వాటా ఇచ్చాడు.

ఆయన బడి అంటే మా పక్కింటి వాకిలే. నిప్పూరు పట్నంలోనైనా, ఊర్ అనే పట్నంలోనైనా పిల్లలంతా ఒకే పాటలు, ఒకే వరసలో రాయాలి. అవి వస్తేనే మనవాడు, చదువుకున్నవాడు. రాసిన మట్టి పలకలు సాయంత్రం నీళ్ల తొట్టిలో పడేస్తారు, పొద్దున మళ్లీ పిసుకుతారు.

ఆ వరసలో లేని పాట ఒకటి పంతులి దగ్గరుండేది. కాలవ తవ్వే మా ఊరి ఆడవాళ్లు, నిద్రపోతున్న ఎన్లిల్ దేవుణ్ణి వచ్చి తట్ట మోయమని ఎగతాళి చేసే పాట. ఆయన అమ్మమ్మ పాడేదట. దాన్ని రాసి దాచుకున్న ఒక్క పలకనూ బెలెస్సును అనే ఆయన కోడలు పాత పలకలతో కలిపి తడిపి, వాకిట్లో అరుగు కట్టేసింది. తెలిశాక ఆ పిల్ల ఏడుపు లంకించుకుంది. పంతులు మాత్రం అరుగు మీద చతికిలబడి, "అమ్మమ్మ ఒళ్లో కూర్చున్నాను, పోనీలేవే" అన్నాడు.

అన్నాడే గాని, మర్నాడు గోడ దగ్గరికి వచ్చినప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు. చూపు మసకబారింది, మళ్లీ రాయలేడు. వరసలో లేనిదాన్ని కుర్రాళ్లు పట్టించుకోరు. ఆయనతోటే ఆ పాటా పోతుంది.

"వదినా, నీ పెళ్లికి ముందు కుండ పగలగొట్టినవాణ్ణి ఇప్పటికీ తిడుతున్నావు. నీకు మరుపన్నది లేదు. ఆ పాట నువ్వు నేర్చుకో."

నాకు ఆ భాషలో ముక్క రాదన్నాను.

"అర్థం తర్వాత చెబుతాను, ముందు నోరు తిరగనీ. కల్లు కలిపినప్పుడల్లా గట్టిగా పాడు. తప్పు దొర్లితే గోడ ఇవతలినుంచి నేను తిడతాను."