పేషీ రోజు మందు

ఈ సంగతి రాయడానికి కారణం ఉంది. మా పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలకు రిజిస్టర్ నింపడం, సలహా చెప్పడం నేర్పుతారు. నేను చేసిన తప్పు ఏ రిజిస్టర్‌లోనూ లేదు. రాసి పెట్టకపోతే రేపు వాళ్లూ అదే చేస్తారు.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. నిజామాబాద్‌లో ఒక సంస్థలో ఔట్‌రీచ్ వర్కర్‌ని. అంటే, దవాఖానకు రాని వాళ్ల దగ్గరికి మేమే పోతాం. జైలు నుంచి విడుదలయ్యే ఆడవాళ్లకు హెచ్‌ఐవీ రాకుండా కాపాడే సేవలు అందేలా చూడటం నా వంతు. నా చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాతిదంతా జిల్లా గ్రంథాలయంలో చదువుకున్నదే. వైరస్ ఒంట్లో ఏ కణాన్ని పట్టుకుంటుందో బొమ్మ గీసి చెప్పగలనని నాకు కొంచెం గర్వం కూడా.

గంగామణిది బోధన్ దగ్గరి పల్లె. గుడుంబా సారా కాచేవాళ్లకు నల్లబెల్లం అమ్మిందని కేసు. బెయిల్ మీద బయటికొచ్చిన రోజు గేటు ముందు నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు ఎక్సైజోళ్ల మనిషివా?"

"కాదమ్మా. దవాఖాన పని నాది."

"గట్లనే అంటరు. లోపల ఒకామె అక్కా అక్కా అనుకుంట అన్నీ అడిగి, పోయి పైన చెప్పింది."

భర్త లారీ డ్రైవర్. చెరకు సీజనంతా మహారాష్ట్ర వైపే ఉంటాడు. అక్కడ ఇంకొకామె ఉందని ఆమెకు జైల్లో తెలిసింది. నిరోధ్ మాట ఎత్తితే తన మీదే అనుమానపడి కొడతాడని చెప్పింది. అలాంటి వాళ్ల కోసమే ప్రెప్ ఉంది. హెచ్‌ఐవీ లేని మనిషి, అది అంటకుండా రోజూ వేసుకునే మాత్ర అది. కొన్ని రోజులు వరుసగా వేసుకుంటేనే కాపాడుతుంది.

"రోగం లేనిదానికి మందెందుకు? నాకున్నది, మీరు దాస్తున్నరు."

జైల్లో చేసిన పరీక్ష రిపోర్టు చూపించాను. "కాగితం రాసింది మీరే కదా" అంది. చివరికి ల్యాబ్‌లో ఆమె కళ్ల ముందే మళ్లీ పరీక్ష చేయించాం. కిట్ మీద ఒక్క గీతే వస్తే రోగం లేనట్టు. రెండో గీత ఎక్కడైనా వస్తుందేమోనని పావుగంట రెప్ప వేయకుండా కూర్చుంది. మిగతా పరీక్షలు కూడా అయ్యాక డాక్టర్ మందు రాశారు.

భర్త రావడానికి ఇంకా నెల రోజులుంది. మాత్రలు వేసుకుంటోందో పారేస్తోందో అని నాకూ అనుమానమే. వారం తర్వాత వాళ్లింటికి పోయాను. అత్త అరుగు మీద నలుగురితో కలిసి బీడీలు చుడుతోంది. ఎవరివని అడిగింది. బీడీలు చుట్టే వాడల్లో టీబీ వాళ్లు తిరగడం మామూలే కదా అని, "టీబీ సర్వే అవ్వా" అన్నాను. తెలివిగా తప్పించుకున్నాననుకున్నాను.

మూడో రోజు ఫోన్ వచ్చింది.

"నా నోట్ల మన్ను కొట్టినవ్ గదా అక్కా. జైల్ల టీబీ అంటించుకొచ్చిందంటున్నరు. ఆకు తంబాకు ఇచ్చే ఠేకేదారు నాకు బంద్ వెట్టిండు. మా అత్త కంచం వేరే పెట్టింది. నీ మాత్రలు మూట గట్టి పెట్టిన, అచ్చి తీస్కపో."

"నేనొచ్చి మీ అత్తకు చెప్తా, టీబీ కాదని."

"మరి ఏందని చెప్తవ్? ఇంకో అబద్ధమా?"

టీబీ పరీక్షే చేయిద్దామా అని ఆమెనే అడిగాను. ఆమె ఒప్పుకున్నాక, నిజమైన టీబీ కార్యకర్తతోనే తెమడ పరీక్ష చేయించాం. లేదని తేలింది. ఆ కాగితం ఆమే ఠేకేదారు ముందు పెట్టింది. ఆకు మళ్లీ మొదలైంది. కానీ ఈలోపు ఆరు రోజులు మాత్రలు ఆగిపోయాయి. భర్త వచ్చేలోగా మళ్లీ మొదలుపెట్టాలి.

"వేస్కుంట గని ఇంటికి మాత్రం రాకు" అంది. "పేషీకి కోర్టుకు వస్త గదా, గా దినం ఇయ్యి. జైలుకు పోయొచ్చినదాని ఎంబడి కోర్టుకు ఎవ్వలొస్తరు? ఎందుకు పోయినవని ఎవ్వలడుగుతరు?"

ఇన్ని పుస్తకాలు చదివిన నాకు తట్టనిది ఆమె ఒక్క నిమిషంలో చెప్పింది. ఆ వారంలోనే పేషీ, అంటే కేసు వాయిదా, ఉంది. కోర్టు పక్క చాయ్ హోటల్లో మాత్రలు మళ్లీ మొదలుపెట్టింది. భర్త పదకొండు రోజులకు వచ్చాడు. మూడు నెలల పరీక్షలోనూ ఒక్క గీతే వచ్చింది.

"ఇప్పుడన్న నమ్మినవా?" అని అడిగాను.

"మాత్రను నమ్మిన. నిన్నింక సూస్తున్న."

అప్పటి నుంచి ఎవరినైనా కలిస్తే మొదటి ప్రశ్న రోగం గురించి అడగను. "ఇంట్లో నన్ను ఎవరని చెప్దాం?" అని అడుగుతాను. ఆ జవాబు ఆమెదే అయి ఉండాలి.

పరీక్ష ఓపికగా రెండోసారి చేసిన ల్యాబ్ సునీతకు, నా అబద్ధాన్ని సరిదిద్దిన టీబీ కార్యకర్త నర్సయ్యన్నకు, మూల బల్ల మాకోసం ఖాళీగా ఉంచిన చాయ్ హోటల్ యూసుఫ్ భాయ్‌కి కృతజ్ఞతలు. అందరికన్నా ఎక్కువగా గంగామణికి. అది నేను పెట్టిన పేరు. అసలు పేరు ఎక్కడా రాయనని ఆమెకు మాటిచ్చాను.