నాలుకకు తెలిసినంత

ముప్పై ఏళ్లకు దగ్గరగా నేను బొగ్గు బావిలో మైనింగ్ సర్దార్‌గా పనిచేశాను. కార్మికులను వెంటబెట్టుకుని భూమి లోపలికి దిగడం, వాళ్లు పనిచేసే చోటు క్షేమంగా ఉందో లేదో ముందుగా చూసి చెప్పడం నా పని. పైకప్పును కర్రతో తట్టి చూస్తాం, గాలి పారుతోందో లేదో చూస్తాం, గ్యాసు మీటరు చూస్తాం. అవి సర్దార్లందరూ చేసేవే. నాకు పేరు తెచ్చింది మాత్రం నా ముక్కు.

బొగ్గు తీసేసిన పాత దారులను ఇటుక గోడలు కట్టి మూసేస్తారు. లోపల మిగిలిపోయిన బొగ్గుకు సందుల్లోంచి గాలి తగిలితే అది తనంతట తానే వేడెక్కుతుంది. పొగ రాకముందే ఒక వాసన వస్తుంది. మొదట తడిసిన గోనెసంచి వాసన, తర్వాత సన్నగా కిరసనాయిలు వాసన, మావాళ్లు గ్యాసునూనె అంటారు. ఒకసారి మీటరు ఏమీ చూపించక ముందే అలాంటి గోడ దగ్గర ఆగి, లోపల వేడెక్కుతోందని చెప్పాను. రెండు షిఫ్టుల తర్వాత మీటరు కూడా అదే చెప్పింది. అప్పటినుంచి కాలనీలో ఎవరు నెయ్యి కొన్నా, పాత బియ్యమని చెప్పి ఎవరైనా బస్తా అమ్మచూపినా, ఈతకల్లు లొట్టి దించినా నాకు ఒకసారి చూపించేవాళ్లు. నాకూ అది ఇష్టంగానే ఉండేది. నా భార్య పోయాక ఇంటికి వచ్చే మనుషులు తగ్గారు. ముక్కు పుణ్యమా అని కొందరు వస్తూ ఉండేవాళ్లు.

కరోనా వచ్చినప్పుడు నేను తొమ్మిది రోజులు దవాఖానలో ఉన్నాను. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది. ఇంటికి వచ్చి అన్నంలో ఉల్లిగడ్డ పులుసు పోసుకుని తింటే కాగితం నమిలినట్టుంది. కొన్ని వారాలు పడుతుంది, వాసన అదే తిరిగి వస్తుందిలే అన్నారు డాక్టరు. ఉప్పు తెలుస్తోంది, పులుపు తెలుస్తోంది, చేదు తెలుస్తోంది. అంతకు మించి ఏదీ లేదు. వారాలు పోయాయి, అది రాలేదు.

ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా మూడు నెలలు బావిలోకి దిగాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఒకరోజు ఫస్టు షిఫ్టులో ఒక మూసిన గోడ దగ్గర, నాకంటే వయసులో పెద్దవాడైన కార్మికుడు ఒకాయన ఆగిపోయాడు.

"సర్దార్, గ్యాసునూనె వాసనస్తున్నట్టు లేదా?" అన్నాడు.

నేను గోడకు ముఖం ఆనించి, కళ్లు మూసుకుని లోతుగా పీల్చాను. చల్లటి గాలి తప్ప ఇంకేమీ తెలియలేదు.

"ఏం లేదు కాకా. నీకు గట్ల అనిపిస్తుంది," అన్నాను.

ఆయన ముందుకు నడిచాడు. నా ముక్కును తన ముక్కు కంటే ఎక్కువ నమ్మాడు. ఆ రోజు సెకండ్ షిఫ్టులో దిగిన సర్దార్ మీటరుతో పట్టుకున్నాడు. మనుషులందరినీ పైకి తెచ్చి, గోడకు ముందు ఇంకో గోడ కట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు నేను అండర్ మేనేజర్ గదికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టి చాలాసేపు నా వైపే చూశారు. తిట్టి ఉంటే బాగుండేది. వారం తిరగకుండా నన్ను పైన ల్యాంప్ రూంకు మార్చారు. దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇవ్వడం, ఎక్కి వచ్చినవాళ్ల దగ్గర తీసుకుని ఛార్జింగుకు పెట్టడం. అసలు కారణం ఎవరికీ చెప్పవద్దని ఆయన్ను బతిమాలుకున్నాను. మోకాళ్ల నొప్పులని అందరికీ చెప్పాను.

ఆ తర్వాత నెమ్మదిగా మనుషులకు దూరమయ్యాను. ఎవరైనా లొట్టి తెచ్చారని కబురొస్తే ఒంట్లో బాగాలేదనేవాణ్ని. పెళ్లి భోజనాలకు పోవడం మానేశాను. ఇంట్లో అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, కానీ అది నా ఇల్లు అనిపించేది కాదు. నా భార్య చీరలు ఇనుప బీరువా కింది అరలో ఉంచాను. తెరిస్తే ఆమె వాసన కొంత గాలిలో కలిసి పోతుందని నాలుగేళ్లు ముట్టుకోలేదు. దవాఖాన నుంచి వచ్చాక ఒక మధ్యాహ్నం తెరిచి, ఒక చీరలో ముఖం పెట్టుకున్నాను. మెత్తగా ఉంది. అంతే. మడత పెట్టి మళ్లీ అక్కడే ఉంచాను.

ఇలా రెండేళ్లు గడిచాక, ఒక ఆదివారం మా చెల్లెలి కూతురు హైదరాబాద్ నుంచి రైల్లో వచ్చింది. తను అక్కడ బీరు తయారుచేసి అక్కడే గ్లాసుల్లో పోసే ఒక చోట పనిచేస్తుంది. పులియబెట్టే పనంతా చూసేది తనే. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు మా ఇంటికొచ్చేది. నేను తన కళ్లకు తువ్వాల కట్టి, ముక్కు దగ్గర ఇంగువ, సబ్బు, చింతచిగురు పెట్టి ఏమిటో చెప్పమనేవాణ్ని. ఆ ఆట వల్లే ఈ పనిలోకి వచ్చానని అందరితోనూ అంటుందట.

బ్యాగులోంచి బట్టల మధ్య చుట్టిన సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"మామా, ఇది నేను సొంతంగ చేసింది. ఏడాదిన్నర కట్టె పీపాల ఉన్నది. వచ్చే వారం మా సార్ రుచి జూసి, బయటికి ఇయ్యాల్నా వద్దా చెప్తడు. గంతకంటే ముందు నువ్వు జూడాలె."

"నాకేం తెలుస్తది బిడ్డా బీరు సంగతి?"

"నీ ముక్కుకు తెలుస్తది. బెల్జియం దేశంల గిట్ల చేస్తరు. ల్యాంబిక్ అంటరు. దీంట్ల మేం పులియబెట్టే ఈస్టు ఏం వెయ్యం. నల్లగ ఏంచిన బార్లీ, గోధుమలు కాచిన నీళ్లు వెడల్పు తొట్టిల పోసి, కిటికీలు తెరిచి సల్లార్చుడే. గాలిల ఉన్నదే వచ్చి పడి పులియబెడ్తది. కల్లుకు ఈస్టు ఎవలేస్తరు చెప్పు? గిదీ గంతే."

చాయ్ కోసం పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి, రెండు గాజు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసింది. నల్లగా ఉంది. కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే అంచుల్లో ఎర్రగా కనిపించింది. నురుగు ఎక్కువ లేదు.

"తాగకు ఇప్పుడే. ముందు వాసన జూసి చెప్పు," అని నోటుబుక్కు తెరిచి కూర్చుంది.

అప్పుడే చెప్పేస్తే అయిపోయేది. ఆ పెన్ను పట్టుకుని తను నా వైపు చూస్తున్న తీరుకు నోరు రాలేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, గోడ దగ్గర చేసినట్టే కళ్లు మూసుకుని పీల్చాను.

"కట్టె వాసన," అన్నాను. పీపాలో ఉందని చెప్పింది కదా.

"ఆ, ఇంక?"

"నేరేడు పండు."

"నేరేడా?" తను తన గ్లాసు ఎత్తి మళ్లీ వాసన చూసుకుంది. "నాకు గది దొరకలే మామా. ఇంక?"

ఏం చెప్పాలా అని ఇంకా గట్టిగా పీలుస్తున్నాను. కుర్చీ జరిగిన చప్పుడైంది. కళ్లు తెరిచేసరికి తను వంటింట్లోకి పరుగెత్తుతోంది. స్టౌ ఆర్పిన చప్పుడు, గిన్నె దించిన చప్పుడు వినిపించాయి. తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడింది. వంటింటి గుమ్మానికి ఆనుకుని కూర్చున్నది నేనే.

"పాలు మాడి అడుగు నల్లగైంది మామా. నువ్వు గీన్నే ఉన్నవ్ గదా."

నేను గ్లాసు బల్ల మీద పెట్టాను.

"ఎప్పటిసంది?" అంది.

"కరోనా సంది."

"అమ్మకు తెల్సా?"

"ఎవ్వలికి తెల్వది."

"మరి నేరేడు పండు అన్నవ్?"

"రంగు జూసి అన్న."

తను వచ్చి కూర్చుని, నోటుబుక్కులో రాసిన రెండు మాటలను మెల్లగా కొట్టేసింది. తను ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు.

"సరే, ముక్కు సంగతి ఇడిసిపెట్టు. నాలుకకు ఏం తెలుస్తదో గది చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

తాగాను. మొదటి గుక్కకే దవడల వెనక నరాలు గుంజాయి. నిమ్మకాయ పులుపు తెలుసు, చింతపండు పులుపు తెలుసు. రెండేళ్లుగా నాకు అన్ని పులుపులూ ఒక్కటే. ఇది అలా ఒక్కసారిగా వచ్చి పోలేదు. మొదట నాలుక పక్కల్లో చురుక్కుమంది. తర్వాత మధ్యలో కొంచెం చేదు, మాడిన రొట్టె అంచు కొరికితే తగిలే చేదు. ఆ తర్వాత నోరంతా ఆరిపోయి, పచ్చి రేగుకాయ తిన్నట్టు వగరు పట్టుకుంది. ఒకదాని తర్వాత ఒకటి రావడం నాకు తెలుస్తూనే ఉంది. ఇంకో గుక్క తాగి, ఈసారి నిదానంగా అన్నీ చెప్పాను. తను రాసుకుంది.

"ఆఖరుకు గొంతుల ఒకటి గీరుతుంది బిడ్డా. సిర్కా తీరు, వెనిగర్ అంటరు సూడు, గట్ల. తతిమ్మవన్ని మంచిగనే ఉన్నయి, గదొక్కటి ఎక్కువైంది."

తను నమ్మనట్టు చూసి, తన గ్లాసులోది తాగింది. తల అడ్డంగా ఊపింది. కాసేపు ఆలోచించి, ఎడమ చేతి వేళ్లతో ముక్కు గట్టిగా మూసుకుని మళ్లీ తాగింది. మింగి, అలాగే ముక్కు పట్టుకుని కూర్చుంది.

"అవ్ మామా. సిర్కా ఉన్నది," అంది మూసుకున్న ముక్కుతోనే. "వాసన కమ్మగుండుట్ల నేను పట్టుకోలే."

ఇంకా వేళ్లు తీయలేదు. బల్ల మీదున్న చెగోడీ ఒకటి తీసి కొరికి, నమిలింది.

"నువ్వు ఏం తిన్నా గిట్లనే ఉంటదా?"

"గిట్లనే."

అప్పుడు చెయ్యి తీసింది. తర్వాత లేచి వెళ్లి, నేను వద్దన్నా వినకుండా ఆ మాడిన గిన్నెను పీచుతో చాలాసేపు తోమింది.

సాయంత్రం రైలుకు ఆటో ఎక్కించాను. వాళ్లమ్మకు చెప్పవద్దన్నాను. చెప్తానని నా ముఖం మీదే అంది. సీసాలో మిగిలింది నాకే వదిలేసింది. ఇంటికి వచ్చి, మంచం మీద కూర్చుని కొంచెం కొంచెంగా తాగాను. గ్యాసు పోయి చప్పబడింది కానీ పులుపు అలాగే ఉంది. తను కాసేపు ముక్కు మూసుకుని నా పక్కకు వచ్చింది. తర్వాత వేళ్లు తీసేసి వెళ్లిపోయింది. అందులో తన తప్పేమీ లేదు, ఎవరైనా అంతే చేస్తారు. అయినా సీసా ఖాళీ అయ్యేవరకు అదే తలుచుకుంటూ కూర్చున్నాను.

మర్నాడే మా చెల్లెలు ఫోన్ చేసి, ఇన్నాళ్లు చెప్పనందుకు చాలాసేపు కోపం చేసింది. అదే వారం ల్యాంప్ రూంలో నాతో పనిచేసే ఆయనకు కూడా నిజం చెప్పాను. "మోకాళ్లు గాదా అన్నా?" అన్నాడు. కాదన్నాను. అంతలో షిఫ్టు మనుషులు వచ్చి వరసలో నిలబడ్డారు. లైట్లు ఇవ్వడంలో పడిపోయాం.

నెల తర్వాత మేనకోడలు ఫోన్ చేసింది. ఇంకో పీపాలోని లేత సరుకు కలిపితే సిర్కా తగ్గిందని, వాళ్ల సార్ ఒప్పుకున్నాడని చెప్పింది.

"మంచిగైంది. ఇంతకు దాని వాసన ఎట్లుంటదే?" అని అడిగాను. ఆ రోజు అడగనే లేదు.

"పాత తోలు చెప్పులు, గుర్రాల కొట్టం, ఎండుగడ్డి. ఎనకనుంచి మక్కి మెత్తబడ్డ పండు."

ఒక్కొక్కటీ తలుచుకోవడానికి ప్రయత్నించాను. తోలు కొంత గుర్తొచ్చింది. మిగతావి మాటలుగానే ఉండిపోయాయి.

ఈసారి కొత్త పీపా నింపిందట. అది తయారయ్యాక మొదటి సీసా నాకే తెస్తానంది. ఏడాదిన్నర పడుతుంది. అప్పటికి నా సర్వీసు అయిపోతుంది, కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. సీసా ఎక్కడికి తెమ్మనాలో తనకు ఇంకా చెప్పలేదు.