నీళ్లు పోయే దారి

వికారాబాద్‌లో బస్సెక్కేసరికే కళ్లు మండుతున్నాయి. ఆన్‌లైన్ ఆటలో ఏమేం ఉండాలో నేను రాసిన పత్రాన్ని క్లయింటు ఐదోసారి తిప్పి పంపాడు. ఒళ్లో ల్యాప్‌టాప్ చూసి, ఏం పనని పక్క సీటాయన అడిగాడు. తాండూరు బండలు పరిచే మేస్త్రీ ఆయన. ఓపిక లేకపోయినా చెప్పాను.

"మేం బండ వేసే ముందుగాల నీళ్లు ఎటు పోవాలెనో అడుగుతం సార్. గా ముచ్చట ఎవ్వరు చెప్పరు. అన్నీ వేసినంక యాదికొస్తె మళ్ల పీకుడే. మీ ఆటను నడుమల ఇడిసిపెట్టి పోయేటోని సంగతేంది?"

పత్రమంతా వెతికాను. ఆటలోకి ఎలా రావాలో పేజీలకు పేజీలు రాశాను. మధ్యలో వెళ్లిపోతే ఏమవుతుందో ఒక్క ముక్క లేదు.

తాండూరులో ఆయన దిగిపోయాడు. పేరైనా అడగలేదు.

ఇప్పుడు ఏ పత్రంలోనైనా మొదట రాసేది మధ్యలో వెళ్లిపోయేవాడి సంగతే. ఏ క్లయింటూ ఇంతవరకు దాని గురించి అడగలేదు.