శాండీఫోర్డ్‌లో అరబ్బీ సిఫారసు

చేతికందబోయిన ఇంటిని నా నోటితో నేనే ఎలా పోగొట్టుకున్నానో చెబుతాను. నవ్వడానికి మొహమాటపడకండి, మా ఆవిడ ఏనాడూ పడలేదు.

ఐర్లండ్‌లో పిలిచి ఉద్యోగాలిస్తున్న రోజులవి. ఉద్యోగం దొరికేది గాని అద్దె ఇల్లు దొరికేది కాదు. మా ఆవిడ వచ్చేవారం హైదరాబాదు నుంచి దిగుతోంది. నేనేమో స్నేహితుడి సోఫా మీద రోజులు గడుపుతున్నాను. అప్పుడు శాండీఫోర్డ్‌లో, లువాస్ ట్రామ్ ఆగేచోటికి దగ్గర్లో, ఒక ఫ్లాటు ఖాళీగా ఉందని తెలిసింది. ఇంటాయన బెహ్రూజ్ గారు ఇరాన్ మనిషి, పళ్ళ డాక్టరు.

ఇరాన్ వాళ్ళంటే అరబ్బులేనని నా గట్టి నమ్మకం. మా ఆఫీసులో నబీల్ అని ఈజిప్టు అతను ఉండేవాడు. ఇంటాయన మీ అరబ్బాయనే, మీ భాషలో నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని బతిమాలి వెంటబెట్టుకెళ్ళాను.

పాపం నబీల్, గుమ్మంలోనే అరబ్బీ అందుకుని, పెళ్ళిసంబంధం మాట్లాడుతున్నట్టు నా గుణగణాలు వర్ణించాడు. బెహ్రూజ్ గారు ఓపిగ్గా అంతా విని, ఈయన ఏమంటున్నారని నన్నే ఇంగ్లీషులో అడిగారు.

"మీ భాషే కదా సార్," అన్నాను.

"మాది ఫార్సీ. అరబ్బుల దగ్గర అక్షరాలు తీసుకున్నాం, అంతే. నేను అరబ్బును కాను."

అక్కడ ఆగాలి. ఆగితే నేనెందుకవుతాను?

"పోనీ, మీ ఇద్దరి మతం ఒకటే కదా," అన్నాను.

"నేను ముస్లింని, షియా," అన్నారాయన.

"నేను క్రైస్తవుణ్ణి," అన్నాడు నబీల్. "ప్రతి ఆదివారం ఎక్కడికి పోతున్నాననుకున్నావ్?"

నేను కార్పెట్‌లో చుట్టుకుపోదామా అని చూస్తుంటే బెహ్రూజ్ గారు జాలిపడి మాట మార్చారు. మీ హిందీలో కూడా మా ఫార్సీ మాటలు బోలెడున్నాయట కదా అన్నారు. హిందీ అనేసరికి నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. నాది తెలుగు అని మొదలుపెట్టి, లిపి వేరు, భాషాకుటుంబం వేరు, ఊరగాయ కూడా వేరని, ఆయనిచ్చిన టీ చల్లారేదాకా వాయించాను.

ఈలోగా నబీల్ ఇల్లంతా తిరిగి చూసి, వంటింటి అలమరాలు తెరిచి, వచ్చి ఇంటాయన చెవిలో ఏదో అన్నాడు. అతనూ ఇల్లు వెతుకుతున్నాడని నాకు తెలియదు. ఎప్పుడైనా అడిగితే కదా.

నేను ఊపిరి పీల్చుకునే సందు చూసి బెహ్రూజ్ గారు, "తెలుగు గురించి బాగా తెలిసింది. ఫ్లాటు మాత్రం నబీల్ గారికిస్తున్నాను. ఆయన తక్కువ మాట్లాడతారు," అన్నారు.

బయట వానలో ట్రామ్ కోసం నిలబడి శపథం చేశాను. ఇకమీదట ఎవరు ఎక్కడివాళ్ళో వాళ్ళే చెప్పేదాకా నేను ఎవరినీ ఏ దేశంలోనూ కలపను. ఇల్లు చూడబోయేటప్పుడు మాత్రం, సొంత తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళ్ళను.