పైన పిలుపు, కింద పని

మా ఆఫీసుకు రాకముందు వైకుంఠం కోర్టు గోడవార కూర్చుని అర్జీలు టైపు కొట్టిన మనిషి. అఫ్జల్‌గంజ్‌లో మిఠాయి దుకాణం మీది అంతస్తులో, వ్యాపారులకు వెబ్‌సైట్లు చేసిపెట్టే ఆఫీసు మాది. జావాస్క్రిప్ట్ నేర్చుకున్నాడు గానీ అర్జీ చెయ్యి పోలేదు. అర్జీలో కావలసింది ముందడిగి, వివరాలు కింద రాస్తారు. ఆయన కోడూ అంతే. ధరలు చూపించమని, బొమ్మలు పెట్టమని పైనే ఫంక్షన్లను పిలిచేవాడు. అవి ఏం చెయ్యాలో పేజీ అడుగున రాసేవాడు. ఫంక్షన్ అని మొదలుపెట్టి పేరుతో రాసినవాటిని బ్రౌజర్ ముందే చూసిపెట్టుకుంటుంది కాబట్టి, పిలిస్తే పలికేవి. చూస్తే నాకు తిక్కరేగేది. పని నడుస్తుంటే ఏమనగలం?

2005 ఆషాఢంలో ఆయన భార్య చంద్రమ్మ జ్వరంతో పోయింది. కర్మలయిన మర్నాడే వచ్చి సీట్లో కూర్చున్నాడు. ఏడవలేదు. మధ్యాహ్నం మేం పిలిస్తే తిన్నాడు, పిలవకపోతే లేదు.

ఓనరు శ్రీహరిరావు గారికి అప్పుడే కొత్త పిచ్చి పట్టింది. “ఫంక్షన్లన్నీ వేరియబుల్‌లో పెట్టి రాయండి వైకుంఠం గారూ, ఇప్పుడందరూ అలాగే రాస్తున్నారు. సోమవారం గాజుల సేటు తన దుకాణం పేజీ చూడ్డానికి వస్తాడు. ఆ రోజు పేజీ రాకపోతే మాత్రం వేరే మనిషిని చూసుకుంటానండీ.”

“ఇంట్ల కూసోని ఏం జెయ్యాలె భాయ్,” అన్నాడు వైకుంఠం నాతో. “ఈ కుర్సీ గూడ పోతే యాడికి పోవాలె?”

అన్నీ మార్చాడు. చోటు మాత్రం మార్చలేదు. సోమవారం పొద్దున్నే తెరిస్తే గాజన్నది లేదు, పేజీ అంతా తెలుపు. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఇది మీ పాత పద్ధతి కాదు మహానుభావా. వేరియబుల్ అంటే పేరు రాసిన డబ్బా. అందులో పెట్టినదాన్ని, పెట్టిన లైను దాటాకే పిలవాలి.”

“పేరున్నది గద?”

“పేరుంటుంది. అప్పటికి లోపల ఏమీ ఉండదు.”

తల ఊపి, అడుగున ఉన్నవన్నీ తీసి పైకి చేర్చాడు. సేటు వచ్చేసరికి తెరనిండా గాజులే. “మీరే ఉండండి, వేరే మనిషెందుకు,” అన్నారు శ్రీహరిరావు గారు. వైకుంఠం ముఖంలో ఏ మార్పూ లేదు.

సాయంత్రం ఆయన్ని స్కూటరు మీద ఛత్రినాకలో ఇంటి దగ్గర దింపాను. గేటు తీస్తూనే, ఎప్పటిలాగే, లోపలికి కేకేశాడు.

“ఓ చంద్రమ్మా, నౌకరి నిలవడ్డదే. జర మంచినీళ్లియ్యి.”

తలుపుకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఆయన చేతిలోనే ఉంది. కాసేపు దాన్ని చూసుకుని, “లేదు గద,” అన్నాడు మామూలుగా.

తాళం తీసి పక్కకు జరిగాడు. “రా భాయ్, కూసో. చాయ్ పెట్టుడైతే నాకు రాదు.”