నూలుకు పనికిరాని మెత్తటి దూది

కరోనా తగ్గిన మరుసటి ఏడు నన్ను వరంగల్ దగ్గరి ఒక నూలు మిల్లులో క్వాలిటీ ఆఫీసర్‌గా వేశారు. హోదాలో స్పిన్నింగ్ మాస్టర్ తర్వాతే నేను. సరుకు వెనక్కి పంపాలంటే మాత్రం సంతకం నాది. అందుకే మిల్లులో నన్ను ఇష్టపడేవాళ్లు తక్కువ. నేనూ దానికి పెద్దగా బెంగపడలేదు.

అప్పుడే మిల్లుకు ఒక కొత్త ఆర్డరు వచ్చింది. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీల కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలను చీల్చి, మళ్లీ దూదిగా మార్చి, మోటు నూలు తీయాలి. ఆ నూలుతో వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద జంపఖానాలు నేయించాలి. నిలువు పోగులైన పడుగు, అడ్డపోగులైన పేక రెండూ ఆ నూలే ఉండాలని కొనేవాళ్ల షరతు. పేకకు ఎలాంటి నూలైనా సర్దుకుంటుంది. పడుగు అలా కాదు. మగ్గం మీద బిగదీసి ఉంటుంది, పోగుల మధ్య దువ్వెనలా ఆడే అచ్చుతో రాపిడి పడుతుంది. పీచు పొడవుగా ఉంటేనే తట్టుకుంటుంది.

ముక్కలు చీల్చే పని కొత్తవాడ ఇమాం భాయ్‌కి ఇచ్చాం. దూది ఏకడం వాళ్ల తాతల నాటి పని. ఫోము పరుపులొచ్చాక పిలిచేవాళ్లు లేక, ఒక షెడ్డులో చీల్చే మిషన్ పెట్టుకున్నాడు. ముందుగా ఇచ్చిన ట్రయల్ లాట్ పాసైతే మిల్లుకు ఆయనే పక్కా సరఫరాదారు. లేదంటే షెడ్డుకు తాళమే.

"జర మా దిక్కు చూడుండ్రి మేడం. ఇది నిలబడితె మా చేతులకు మళ్ల పని దొరుకుతది" అన్నాడు.

శాంపిల్ దూది బాగుంది, పాస్ చేశాను. లాట్ నూలు కూడా బలం పరీక్షలో గట్టెక్కింది. ఆ పరీక్ష చెప్పేది సగటు బలమే. బలహీనమైన చోట్లు అందులో కనబడవు.

నూలు మగ్గమెక్కిన కొద్దిరోజులకే జంపఖానాలు నేసే లక్ష్మక్క ఫోన్ చేసింది. "ఏం నూలమ్మా ఇది! అచ్చు తాకుడే ఆలస్యం, పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతానయ్. అతుకుడే సరిపాయె, ఇగ నేసుడెప్పుడు?" వెళ్లి చూస్తే మగ్గం కింద దూది నూగు, ఆమె జుట్టు నిండా నూగు.

మిల్లుకొచ్చి మిగిలిన బేళ్లు విప్పించాను. ముక్కల దూదిలో చీలని రంగు దారాలు కనబడడం మామూలే. వాటి నడుమ తెల్లగా, వెన్నలా మెత్తగా వేరే దూది కలిసి ఉంది. వేళ్లతో లాగితే పీచుకు పొడవే లేదు. కల్తీ చేశాడని మండిపడి ఇమాం భాయ్‌ని పిలిపించాను.

ఆయన దాచనేలేదు. "కల్తీ ఏంది మేడం! పెండ్లి పరుపులకని మళ్ల మళ్ల ఏకి మా అటుక మీద దాచుకున్న పాత దూది అది. ముక్కల దూది మోటుగుంటాంది. మిల్లోళ్ల ముంగట మాట పోవద్దని నేనే కలిపిన."

పరుపుకు మెత్తదనమే గొప్ప. పాత దూదిని ఏకిన ప్రతిసారీ అది ఇంకా మెత్తబడుతుంది, పీచు మాత్రం తెగి పొట్టిదవుతుంది. నూలుకు కావలసింది పొడవు. అదే ఆయనకు చెప్పాను. "మెత్తగుంటె మంచిదనుకున్న మేడం" అన్నాడు. నా కోపమంతా ఎటు పోయిందో!

అయినా లాట్ వెనక్కి పంపక తప్పదు, సంతకం చేశాను. ఇంకో ట్రయల్ ఇద్దామని మేనేజర్‌ను బతిమాలాను. కొనేవాళ్లు ఆగరని, దూది వేరే ఊరి పెద్ద ప్లాంటు నుంచి తెప్పిస్తున్నామని ఆయన తేల్చేశాడు.

ఇమాం భాయ్ బేళ్లు తీసుకుపోవడానికి వచ్చాడు. "ఫికర్ జెయ్యకుండ్రి మేడం, మిల్లుకు రాకున్నా పరుపులకన్న అక్కరకొస్తది" అని నన్నే ఓదార్చాడు. ఒక బేలు విప్పి పిడికెడు దూది తీశాడు. తెల్ల దూది నిండా బట్ట ముక్కల్లోంచి వచ్చిన పాలిస్టర్ పోగులు చుట్టుకున్నాయి. ఒక్కొక్కటే పీకి చూశాడు, అవి విడిపోలేదు. "ఇగ పరుపులకు గూడ రాదు" అని బేళ్లు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ నెలలోనే షెడ్డు మూతపడింది. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

వాడిన దూదిని పరీక్షకు పంపే ముందు, తెచ్చిన మనిషి దేన్ని మంచి దూది అంటాడో అడగాలి. రిటైరయ్యేదాకా ప్రతి కొత్త సరఫరాదారునూ మొదట అదే అడిగాను. వాళ్లలో దూది ఏకే ఇంటివాళ్లు మళ్లీ ఒక్కరూ రాలేదు.