తిట్టడానికొక మొహం

కళ్ళాసుపత్రిలో ఆమెను అందరూ కౌంటరక్క అనే పిలుస్తారు. ఇంటాయన పోయి రెండేళ్ళయింది. ఇంట్లో కుక్కరు కూత తప్ప ఇంకో గొంతు లేదు. పొద్దున్నే వచ్చి కౌంటరులో నలుగురితో మాట్లాడితేనే ఆమెకు ప్రాణం లేచి వస్తుంది.

ఒక సోమవారం కౌంటరు పక్కన నిలువెత్తు మాట్లాడే యంత్రం దిగింది. ఆమె కుర్చీ స్టోరుగదికి పోయింది.

"నెల్లాళ్ళు పక్కన నిలబడి జనానికి అలవాటు చెయ్యండక్కా. తర్వాత మీకిక విశ్రాంతే," అన్నాడు మేనేజరు మెత్తగా.

విశ్రాంతంటే ఇంటికి పొమ్మనడమేనని అక్కకు అర్థమైంది.

మర్నాడు పరాయి దేశం నుంచి ఈ ఊరికి ఉద్యోగానికొచ్చిన ఇంజనీరొకడు కళ్ళు చూపించుకోడానికి వచ్చి, రాగానే యంత్రం కెమెరా మీద చేతిరుమాలు కప్పేశాడు. "మా దగ్గర దీనికి మొహం చూపించం. ఎక్కడ దాచుకుంటుందో!" అన్నాడు వచ్చీరాని మన మాటల్లో. అక్కకు అతన్ని చూస్తే ముద్దొచ్చింది. కానీ వెనకే మరో దేశపు ముసలాయన వచ్చి యంత్రానికి నడుం వంచి మర్యాద చేశాడు, పనయ్యాక మళ్ళీ వంగాడు. ఇలాంటివాళ్ళు పదిమంది వస్తే తన కొలువు గోవిందా అనుకుంది అక్క.

ఇక మనవాళ్ళు. వాళ్ళకు దానిమీద భయమూ లేదు, భక్తీ లేదు. చేతికర్రతో వచ్చిన ఒక ముసలావిడ యంత్రాన్ని అడిగింది.

"ఏం బాబూ, చుక్కలేసేది ఏ గదిలో?"

"మూడో గది. మరిన్ని వివరాలకు కౌంటరులో అడగండి," అంది యంత్రం.

ఆవిడ అక్క వైపు తిరిగింది. "మూడో గదంటోందే అమ్మాయ్, నిజమేనా?"

"నిజమే పెద్దమ్మా."

"అయితే వెళ్తా."

వెనకాయనా అంతే, ఆ వెనకామె కూడా అంతే. నెలాఖరుకు యంత్రం ముందొక వరస, అక్క ముందొక వరస.

మేనేజరు తల పట్టుకున్నాడు. "పని తగ్గుతుందనుకుంటే రెండింతలైందేంటక్కా! అది తప్పు చెప్తుందని వీళ్ళ అనుమానమా?"

"అనుమానం కాదు సార్. రేపు తప్పు చెప్తే ఎవర్ని తిట్టాలి? తిట్టడానికొక మొహం ఉండాలిగా!"

ఆయన గబగబా లోపలికి వెళ్ళిపోయాడు. అక్క అటూ ఇటూ చూసి యంత్రం దగ్గరకు జరిగింది.

"ఏమయ్యా, రేపట్నుంచి నేనుంటానా, ఊడతానా?"

"క్షమించండి. ఆ వివరాలకు కౌంటరులో అడగండి."

"చచ్చినాడా, కౌంటరంటే నేనే!"

వెనక నేలమీద ఏదో కర్రుమని ఈడ్చిన చప్పుడైంది. మేనేజరు. చేతిలో ఆమె కుర్చీ.

"కూర్చోండక్కా. తిట్లు నిలబడి ఎంతసేపని తింటారు?"